మొదటి పాత బంగారు నాణెం: 1834 హాఫ్ ఈగిలా, ఇండియన్ హెడ్డా, సవరనా?

రాగిపైస
పదకొండేళ్ళుగా రాగీ వెండీ పోగేస్తున్నాను. బంగారం జోలికి ఎప్పుడూ పోలేదు. డబ్బు ఒక కారణమైతే భయం ఇంకో కారణం. రాగి నాణెంలో మోసపోతే నలుగురికీ చెప్పి నవ్వుకోవచ్చు. బంగారంలో మోసపోతే ఇంట్లో కూడా చెప్పుకోలేం. రెండేళ్ళు కూడబెట్టాక ఇప్పటికి ఒక్క నాణేనికి సరిపడా జమైంది. ఒక్కటంటే ఒక్కటే. మళ్ళీ రెండోది ఎన్నాళ్ళకో.

మూడింటి మధ్య ఊగిసలాడుతున్నా.

మొదటిది 1834 హాఫ్ ఈగిల్, అంటే ఐదు డాలర్లది, క్లాసిక్ హెడ్. స్లాబులోనే (గ్రేడు కట్టే సంస్థ నాణేన్ని పెట్టి మూసేసే ప్లాస్టిక్ పెట్టె) ఉంది కానీ చీటీ మీద గ్రేడు అంకె లేదు. "ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్" అని రాసి ఉంది, అంటే అరుగుదల తక్కువే కానీ ఎవరో తోమారని. రెండోది 1909-డి (డెన్వర్ టంకశాలది) ఇండియన్ హెడ్ హాఫ్ ఈగిల్, అమెరికా ఆదివాసి తల బొమ్మది, గ్రేడు ఎమ్మెస్61. మూడోది 1872 విక్టోరియా సవరను, అంటే బ్రిటిష్ బంగారు నాణెం, బొరుసు వైపు డాలు ఉండే రకం. దానికి స్లాబూ లేదు, చీటీ లేదు. అమ్మే ఆయన "నాదీ పూచీ" అన్నాడంతే.

మనసు మొదటిదాని మీద, బుర్ర రెండోదాని మీద. మా ఆవిడ ఓటు మూడోదానికి, చవకని. నిన్న రాత్రి ఒంటిగంట దాకా ఆ 1834 ఫొటోనే పెద్దది చేస్తూ చిన్నది చేస్తూ కూర్చున్నా. ఆ మెరుపులో ఏదో తేడా ఉందనిపిస్తోంది, అదేమిటో చెప్పలేకపోతున్నా. మీరైతే ఏం చేస్తారు?

బొమ్మాబొరుసు
బొమ్మ పడితే మొదటిది, బొరుసు పడితే రెండోది, నిలువునా నిలబడితే మీ ఆవిడ చెప్పింది.

గీటురాయి
తేడా ఉందనిపించింది అన్నారు చూడండి, అది మీ కన్ను చెప్పిన మాట. వినండి. తోమిన బంగారం కూడా మెరుస్తుంది, కానీ ఆ మెరుపులో కదలిక ఉండదు. తోమని నాణేన్ని దీపం కింద మెల్లగా వంచి తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. తోమినదైతే ఒక్కసారిగా అంతా వెలిగి ఒక్కసారిగా ఆరిపోతుంది. ఫొటోలో ఇది దొరకదు. వీడియో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి.

మొదటి నాణెమే "క్లీన్డ్" కొనకండి. ఈ మాట ఎందుకంటున్నానంటే నేను కొన్నాను కాబట్టి. 1851 క్వార్టర్ ఈగిల్, రెండున్నర డాలర్లది. చవగ్గా వచ్చిందని పొంగిపోయా. వారం రోజులు బాగానే ఉంది. ఎనిమిదో రోజు భూతద్దం పెట్టి చూస్తే లిబర్టీ (నాణెం మీది స్వేచ్ఛాదేవి) చెంప మీద వెంట్రుకంత గీతలు, అన్నీ ఒకే వైపుకి. ఎవరో గుడ్డ పెట్టి నాలుగు రుద్దులు రుద్దారు. అంతే, ఆ రోజు నుంచి పెట్టె తెరిచిన ప్రతిసారీ నా కన్ను లిబర్టీని చూడదు, ఆ గీతల్నే చూస్తుంది. మూడేళ్ళ తర్వాత నష్టానికి అమ్మేశా. కొన్నతను నాణెం కంటే ముందు చీటీ చదివాడు.

అరకాసు
గీటురాయి గారితో సగమే ఒప్పుకుంటా. 1851 నాటి తోమని నాణేలు కావలసినన్ని దొరుకుతాయి, మీరు తోమింది కొనడం మీ తొందర. 1834 సంగతి వేరు. అప్పటి బంగారం జనం చేతుల్లో, పెట్టెల్లో నలిగి నలిగి వచ్చింది. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తుడవకుండా మిగిలింది తక్కువ. "డీటెయిల్స్" అన్నంత మాత్రాన అన్నీ ఒక గాటన కట్టకూడదు. వందేళ్ళ కిందట ఎవరో మెత్తగా తుడిచి, తర్వాత మళ్ళీ రంగు తిరిగినదీ అదే చీటీతో వస్తుంది, ఇసుకతో తోమినట్టున్నదీ అదే చీటీతో వస్తుంది.

సంచిగాటు
ఇవన్నీ ఎందుకు గురూ, 20 డాలర్ల డబుల్ ఈగిల్ కొను. 33.4 గ్రాములు, 34 మిల్లీమీటర్లు. అరచేతిలో పెట్టుకుంటే ఇది బంగారంరా అనిపించాలి. ఐదు డాలర్లది చొక్కా గుండీలా ఉంటుంది.

రాగిపైస
డబుల్ ఈగిల్‌కి నా డబ్బు చాలదు సంచిగాటు గారూ. పైగా నాకు బరువు మీద మోజు లేదు. ఈ 1834 మీదే ఎందుకు మనసు పడిందో చెప్పమంటే సరిగ్గా చెప్పలేను. అప్పుడేదో చట్టం మారిందట కదా?

టంకశాల_పిల్లి
ఆహా, నా పేటకి వచ్చారు. కాస్త పొడుగ్గా చెప్తా, ఓపిక లేనివాళ్ళు కిందికి జరిగిపోండి.

అమెరికా మొదట్లో బంగారానికీ వెండికీ విలువ 15కి 1 అని కట్టింది. బయటి ప్రపంచంలో బంగారం అంతకంటే ఎక్కువ పలికేది. అంటే ఐదు డాలర్ల నాణెంలో ఐదు డాలర్లకు మించిన బంగారం ఉన్నట్టే లెక్క. ఇక చూడండి, టంకశాల తలుపు దాటడమే ఆలస్యం, ఓడెక్కి వెళ్ళిపోయి మూసలో పడేవి. 1820ల హాఫ్ ఈగిళ్ళు ఇంత అపురూపం అవడానికి కారణం అదే. 1822లో 17,796 అచ్చువేసినట్టు లెక్క ఉంది, ఇవాళ మిగిలినవి మూడు. అందులో రెండు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. మూడోది 2021లో వేలానికొస్తే 84 లక్షల డాలర్లు పలికింది. 1804 తర్వాత 1838 దాకా పది డాలర్ల నాణెం వాడకానికి అచ్చువేయనే లేదు, వేసినా ఎవడో కరిగించుకోవడానికే కదా అని.

1834 జూన్‌లో చట్టం మార్చారు. నిష్పత్తి 16కి 1 దాకా పెంచి, నాణెంలో బంగారం తగ్గించారు. హాఫ్ ఈగిల్ 8.75 గ్రాముల నుంచి 8.36కి దిగింది. వన్నె కూడా 22 క్యారెట్ల నుంచి కాస్త తగ్గి, వెయ్యింటికి 899 పాళ్ళకు వచ్చింది. ఆగస్టు నుంచి అమలు. ఇప్పుడు చిక్కేమిటంటే పాతదీ కొత్తదీ ఒకే విలువ, చూడ్డానికి దాదాపు ఒకే సైజు. చేతిలో పడగానే ఏది ఏదో ఎలా తెలియాలి? అందుకని విలియం నీస్ అనే చెక్కడంవాడు బొమ్మ మార్చాడు. తలకు టోపీ తీసేసి జుట్టుకి పట్టీ కట్టాడు. గద్ద మీదుండే "ఇ ప్లూరిబస్ యూనమ్" నినాదాన్ని ఎత్తేశారు. నినాదం ఉంటే పాతది, లేకపోతే కొత్తది. సంతలో గుడ్డివాడు కూడా చెప్పేంత తేలిక, సరే, గుడ్డివాడు కాదు.

అలా వాడుకలోకి వచ్చి, వచ్చినచోటే నిలబడిన అమెరికా బంగారం ఇదే మొదలు. హాఫ్ ఈగిల్ 1838 దాకా, క్వార్టర్ ఈగిల్ 1839 దాకా ఈ బొమ్మతో వచ్చాయి. ఐదారేళ్ళ ముచ్చట. అందుకే రాగిపైస గారి మనసు దాని మీద పడింది, ఆయనకి తెలియకపోయినా.

బొమ్మాబొరుసు
అంటే రాగిపైస గారు క్లాసిక్ నాణెం అడిగితే పిల్లి గారు క్లాసిక్ హెడ్ పాఠం చెప్పారు. ఎవరిక్కావాల్సింది వాళ్ళకి దొరికింది.

రాగిపైస
పిల్లి గారూ దండం. ఇప్పుడు ఇంకా కష్టమైపోయింది. ఇంతకుముందు ఇష్టం ఒక్కటే ఉండేది, ఇప్పుడు కారణం కూడా దొరికింది.

భూతద్దం
రెండోదాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తా. బేలా లయన్ ప్రాట్ చేసిన ఈ ఇండియన్ హెడ్ నాణేలు 1908లో మొదలయ్యాయి. మామూలు నాణెంలో బొమ్మ పైకి ఉబ్బి ఉంటుంది, అంచు దాన్ని కాపాడుతుంది. ఇందులో బొమ్మ లోపలికి దిగి ఉంటుంది, చుట్టూ ఉన్న చదునే అన్నిటికంటే ఎత్తు. వచ్చిన కొత్తలో శామ్యూల్ చాప్‌మన్ అనే నాణేల వ్యాపారి ఏకంగా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కే ఉత్తరం రాశాడు, ఆ గుంటల్లో మురికి చేరి రోగాలు పాకుతాయని.

రోగాల మాట ఎలా ఉన్నా, కొనేవాడికి దీనివల్ల వచ్చే అసలు తలనొప్పి వేరే ఉంది. మిగతా నాణేల్లో అరుగుదల చూడాలంటే చెంప, జుట్టు, గద్ద రెక్క అని మనకి గుర్తులున్నాయి. ఇందులో తగిలే ప్రతి గీతా ఖాళీ చదును మీదే పడుతుంది, దాచుకోవడానికి చోటుండదు. వాడిందో వాడందో తేల్చడం పాతకాపులకే కష్టం. పదిమంది చేతికిస్తే పది గ్రేడ్లు వస్తాయి. ఎమ్మెస్61 అంటే వాడలేదు కానీ గాట్లు బాగా ఉన్నాయని అర్థం. నా మాట అడిగితే ఎమ్మెస్61 కంటే మంచి ఏయూ58, అంటే దాదాపు వాడనిది, చాలాసార్లు అందంగా ఉంటుంది. ఓ పదిరోజులు ఎవరి జేబులోనో తిరిగి వచ్చింది కానీ సంచుల్లో పడి దెబ్బలు తినలేదన్నమాట. చీటీ మీద అంకె తక్కువ, చూడ్డానికి మాత్రం హాయి.

సంచిగాటు
నా పేరు ఊరికే పెట్టుకోలేదు మరి. యూరప్ బ్యాంకుల నుంచి తిరిగొచ్చిన డబుల్ ఈగిళ్ళన్నీ అంతే. వాడనివే, కానీ వేలకొద్దీ ఒకే సంచిలో ఒకదాన్నొకటి కొట్టుకుని కొట్టుకుని మొహాలు పగిలిపోయాయి. నాకవే ఇష్టం.

నోట్లోబెల్లం
61, 58 అంటున్నారు, ఈ అంకెలు ఎక్కడివి? వందకా?

భూతద్దం
70కి. షెల్డన్ అనే ఆయన 1949లో పెద్ద రాగి సెంట్ల కోసం కట్టిన లెక్క. తర్వాత అన్నిటికీ అంటించారు. 60, ఆపైన వాడనివి, అవే ఎమ్మెస్. 50 నుంచి 58 దాదాపు వాడనివి, అవే ఏయూ. 40లు ఎక్స్‌ఎఫ్, కొద్దిగా అరిగినవి. 20 నుంచి 35 వీఎఫ్, ఇంకాస్త అరిగినవి. అలా కిందికి పోతుంది.

తులాభారం
1872 సవరను మీద ఎవరూ ఓ మాట అనకపోవడం అన్యాయం. అది అందరికీ తెలిసిన నాణెం. 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, 1817 నుంచి ఈ లెక్కలో మార్పు లేదు. ఇంటి దగ్గరే పరీక్ష చేసుకోవచ్చు. స్లాబు లేకపోవడమే ఇక్కడ వరం.

పైసా ఖర్చు లేని పద్ధతి చెప్తా. గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూకం చాలు. ముందు నాణెం బరువు చూడండి. 7.98 దగ్గర ఉండాలి. వాడకంలో అరిగి 7.937 కంటే తగ్గితే చట్ట ప్రకారం చెలామణి నుంచి తీసేసేవాళ్ళు, కాబట్టి అంతకంటే మరీ తగ్గితే అనుమానించాలి. తర్వాత తూకం మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చేయండి. నాణేనికి సన్నటి దారం కట్టి నీళ్ళలోకి దించండి. పూర్తిగా మునగాలి, అడుగుకీ గోడకీ తగలకూడదు. చెయ్యి వణక్కూడదు. ఇప్పుడు తూకం చూపించేది నాణెం పక్కకి నెట్టిన నీటి బరువు. నా సవరనుకి 0.46 వచ్చింది. 7.98ని 0.46తో భాగిస్తే 17.3. 22 క్యారెట్ల బంగారం సాంద్రత దాదాపు 17.5 ఉంటుంది, కాబట్టి సరిపోయింది. సీసం అయితే 11.3 దగ్గరే ఆగిపోతుంది.

ఒక్క జాగ్రత్త. 0.46 బదులు 0.45 చూపిస్తే సాంద్రత 17.7 అయిపోతుంది. చిన్న నాణేనికి వందో వంతు కూడా ఇంత తేడా తెస్తుంది. నాలుగైదు సార్లు చేసి సగటు తీయండి. నాణేనికి అంటుకున్న గాలిబుడగలు కూడా మోసం చేస్తాయి, దారం కొంచెం ఆడిస్తే పోతాయి.

అరకాసు
తులాభారం గారి పరీక్ష లోహం సంగతి చెప్తుంది, ఏ టంకశాలదో చెప్పదు. సవరన్ల దొంగ అచ్చులు 1950ల్లో బీరూట్‌లో కుప్పలుగా చేశారు, సరైన బంగారంతోనే! అప్పట్లో సవరను అందులోని బంగారం కంటే ఎక్కువకి అమ్ముడయ్యేది. కాబట్టి అసలు బంగారం పోసి దొంగ బొమ్మ గుద్దినా లాభమే. అలాంటిది నాదగ్గర ఒకటుంది. బరువు సరి, నీటి పరీక్ష సరి, గీటురాయి మీద సరి. అది డాలు కాకుండా గుర్రం మీద వీరుడి బొమ్మ ఉండే రకం, ఆ గుర్రం తోక మాత్రం మెత్తటి మైనంలా ఉంది, వెంట్రుకల మధ్య గీతే లేదు. బంగారం విలువ దక్కింది, సేకరణ విలువ సున్నా.

గీటురాయి
నన్నెందుకు లాగుతారు మధ్యలో.

అరకాసు
మిమ్మల్ని కాదు సార్, అసలు రాయిని.

టంకశాల_పిల్లి
డాలు సవరన్లలో సరదా ఒకటుంది. 1863 నుంచి 1874 మధ్య లండన్‌లో అచ్చైన చాలావాటికి పూదండ కింద, గులాబీకి పైన చిన్న అంకె ఉంటుంది. అది ఏ అచ్చుదిమ్మతో కొట్టారో ఆ సంఖ్య. ఏ దిమ్మ ఎన్నాళ్ళు ఆగింది, ఎప్పుడు పగిలిందీ తెలుసుకోవడానికి పెట్టారంటారు. సిడ్నీ అయితే "ఎస్", మెల్బోర్న్ అయితే "ఎమ్" అక్షరం ఉంటుంది. రాగిపైస గారూ, మీ 1872లో ఏముంది?

రాగిపైస
ఫొటోలో పూదండ కింద మచ్చలా ఉంది పిల్లి గారూ. అంకెనో మురికో తెలియట్లేదు. అడిగితే ఆయన "అదేదో ఉంటుంది లెండి, బంగారం బంగారమే కదా" అన్నాడు.

భూతద్దం
ఆ జవాబుతోనే మూడోది కొట్టేయండి. అంకె తెలియకపోతే పర్లేదు, చూసి చెప్తా అనాలి.

అణాకాణీ
నా సొద కూడా వినండి. నా మొదటి బంగారం ఒక సవరనే. బొమ్మ బాగుంది, బొరుసు బాగుంది, బరువు ఓ పిసరు ఎక్కువే ఉంది. ఎక్కువుంటే ఇంకా మంచిదేగా అనుకున్నా! ఆర్నెల్ల తర్వాత అంచు మీద వేలు పోనిస్తే పన్నెండు గంటల దగ్గర గాట్లు నున్నగా ఉన్నాయి. ఎవరో లాకెట్టుగా వేసుకుని, కొక్కెం ఊడబీకి, మాటు పెట్టినచోట ఆకురాయితో రాసేశారు. ఆ ఎక్కువ బరువు మిగిలిపోయిన మాటు. అప్పట్నించీ నేను ఏ నాణెం అయినా ముందు అంచు చూస్తా, తర్వాతే మొహం.

బొమ్మాబొరుసు
పెళ్ళిచూపుల్లో ఈ పద్ధతి పాటించకండి.

నోట్లోబెల్లం
మరి స్లాబులో ఉంటే అంచు కనపడదు కదా?

గీటురాయి
ఇప్పుడొచ్చే చాలా స్లాబుల్లో నాణేన్ని చిన్న పళ్ళలాంటి కొసలు పట్టుకుంటాయి, అంచు చాలావరకు కనపడుతుంది. పాతవాటిలో కనపడదు. అయినా స్లాబు ఉందని కళ్ళు మూసుకోకూడదు, స్లాబులకి కూడా నకిలీలున్నాయి. చీటీ మీది నంబరు సంస్థ వెబ్‌సైటులో కొట్టి, అక్కడున్న ఫొటోతో మీ నాణెం గాట్లు ఒక్కొక్కటీ పోల్చండి. గాటుకి గాటు కలవాలి.

తులాభారం
నకిలీల మాటొస్తే 1907 హై రిలీఫ్ (బొమ్మ బాగా పైకి ఉబ్బి ఉండే) డబుల్ ఈగిల్ దొంగ అచ్చు చేసినవాడు గద్ద గోరులో చిన్న గ్రీకు ఒమేగా అక్షరం చెక్కి పెట్టాడు, సంతకం లాగా. పనితనం ఎంత బాగుందంటే ఆ అక్షరం లేకపోతే మహామహులే తికమకపడేవాళ్ళు. పొగరు చూడండి!

సంచిగాటు
అది కూడా కొంటా నేను.

పాతకాపు
ఇన్ని మాటల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. రాగిపైస, ఆ మూడు రకాల్లో ఒక్కటైనా నువ్వు చేత్తో పట్టుకుని చూశావా? ఫొటో కాదు, చేత్తో.

రాగిపైస
లేదు సార్.

పాతకాపు
మరి నెల రోజులు కొనకు. నాణేల ప్రదర్శన ఎక్కడ జరిగినా వెళ్ళు. డబ్బు ఇంట్లో పెట్టి వెళ్ళు. క్లాసిక్ హెడ్ కనపడిన ప్రతి బల్ల దగ్గరా ఆగు, చూపించమను. పది చూసేసరికి నీకే తెలుస్తుంది. కొనేదానికంటే చూసినవి ఎక్కువుండాలి. నా మొదటి బంగారం నేను కొనడానికి ముందు ఏడాది పాటు చూస్తూనే ఉన్నా. వ్యాపారులు నన్ను చూసి బల్ల మీద గుడ్డ కప్పేవాళ్ళు.

అరకాసు
ఏడాది ఆగితే బంగారం ధర ఎక్కడికి పోతుందో సార్.

పాతకాపు
1834 నాణెం బంగారం ధరతో పెద్దగా లేవదు, పడదు. అది ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి అన్నదాని మీద నడుస్తుంది. బంగారం ధరతో పాటు ఊగేది సంచిగాటు సేకరించే సరుకు.

సంచిగాటు
వ్యక్తిగత దూషణ. పరిపాలకుల దృష్టికి తీసుకెళ్తున్నా.

అణాకాణీ
పాతకాపు బాబాయ్ మాట నిజం. అమెరికా బంగారం ఎంత కరిగిపోయిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 1933 ఏప్రిల్‌లో జనం దగ్గరున్న బంగారం తెచ్చి అప్పగించమని రూజ్వెల్ట్ ఉత్తర్వు ఇచ్చాడు కదా. అవన్నీ కరిగి దిమ్మలైపోయాయి. అరుదైన నాణేలుగా సేకర్తలు విలువిచ్చే వాటికి మినహాయింపు ఉండబట్టి మనకి ఇవైనా మిగిలాయి.

టంకశాల_పిల్లి
ఈ రూజ్వెల్ట్ వేరు, భూతద్దం గారు చెప్పిన ఉత్తరం అందుకున్న రూజ్వెల్ట్ వేరు. తికమకపడకండి. మొదటాయన నాణేలు అందంగా చేయించాడు, రెండో ఆయన కరిగించాడు.

నోట్లోబెల్లం
ఒక కుటుంబం, రెండు పాత్రలు.

వేలంవెర్రి
ఆలస్యంగా వచ్చా. వేలంలో కొనాలనుకునేవాళ్ళకి నా అనుభవం. పాట నాకే ఖాయమైంది, గంతులేశా. బిల్లు వచ్చింది. పాటమొత్తం మీద వేలంవాళ్ళ కమీషను, దాని మీద పన్ను, పంపకం ఖర్చు, బీమా. నేను అనుకున్నదానికంటే నాలుగో వంతు ఎక్కువైంది. షరతులన్నీ ముందే రాసి ఉన్నాయి, చదవనిది నేనే. అందుకని పాడేముందు కింది నుంచి పైకి లెక్క కట్టండి. జేబులోంచి మొత్తం ఎంత పోవచ్చో రాసుకుని, ఖర్చులన్నీ తీసేసి, మిగిలిందే మీ పాట.

భూతద్దం
ఇంకో మాట, చిన్నదే కానీ నన్ను ఏడిపించింది. బంగారం మెత్తన. నాణెం చూసేటప్పుడు బల్ల మీద మందపాటి గుడ్డ పరుచుకోండి, లేదా మంచం మీద కూర్చోండి. నేను నిలబడి చూశా. రాతి నేల మీద పడి టంగుమంది. చక్కటి శబ్దం, అసలు బంగారమే అని రుజువైంది. అంచున సొట్ట కూడా పడింది.

బొమ్మాబొరుసు
మోగించి చూసే పరీక్ష అంటే ఇదేనా అక్కా?

భూతద్దం
నోర్ముయ్.

రాగిపైస
(నెల దాటింది) చర్చని పైకి తెస్తున్నా, క్షమించండి.

పాతకాపు గారి మాట విన్నా. ప్రదర్శనకి వెళ్ళా, డబ్బు ఇంట్లోనే పెట్టా. రెండు రోజుల్లో క్లాసిక్ హెడ్లు పదకొండు చూశా, ఏడు హాఫ్ ఈగిళ్ళు, నాలుగు క్వార్టర్లు. అదృష్టమో దురదృష్టమో, ఆ "క్లీన్డ్" నాణెం ఆయన కూడా బల్ల వేసుకుని కూర్చున్నాడు. అడిగి చేతిలోకి తీసుకున్నా. దీపం కింద వంచా. గీటురాయి గారు చెప్పినట్టే, ఒక్కసారి వెలిగి ఒక్కసారి ఆరిపోయింది. నెల రోజులుగా ఫొటోలో నన్ను తినేసిన తేడా అదే. గద్ద కుడి రెక్క కింద ఖాళీలో గీతలు, దువ్వెన పెట్టి దువ్వినట్టు. స్లాబుతో సహా తిరిగిచ్చేసి దండం పెట్టా.

రెండో రోజు సాయంత్రం ఒక పెద్దాయన బల్ల మీద ఇంకోటి కనపడింది. అదీ 1834. వీఎఫ్35. చెవి పైన జుట్టు పాయలు కలిసిపోయాయి, పట్టీ మీద "లిబర్టీ" అక్షరాలు మాత్రం అన్నీ ఉన్నాయి. రంగు మెరుపు పసుపు కాదు, పాత ఇత్తడి చెంబు అడుగున ఉండే రంగు, అక్షరాల చుట్టూ కాస్త ఎర్రగా, మురికి కూడా అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు దాన్ని. అంటే ముట్టుకున్నారు, చాలామంది, ఖర్చు పెట్టడానికి. తుడవడానికి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఇంటికెళ్ళి పడుకున్నా, నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేశా. ఆ తోమిన ఎక్స్‌ఎఫ్ కంటే కొంచెం ఎక్కువే అయింది, సంచిగాటు గారు నవ్వుకోవచ్చు.

నిన్న వచ్చింది.

గీటురాయి
శభాష్.

పాతకాపు
పదకొండు చాలు. నేను ఏడాది వృథా చేశా.

టంకశాల_పిల్లి
4 చూశారా? సంవత్సరంలో 4. అడ్డగీత కుడి చివర చిన్న నిలువు కొస ఉందా, మామూలుగా తెగిపోయిందా? కొస ఉన్నది బాగా అరుదు!

రాగిపైస
పిల్లి గారూ, పెట్టె విప్పగానే అదే చూశా. మామూలు 4.

టంకశాల_పిల్లి
ప్చ్. ఫర్లేదు.

సంచిగాటు
నవ్వుకోవట్లేదు. ఫొటో పెట్టు.

రాగిపైస
పెట్టా చూడండి. ఫొటోలో ఆ ఇత్తడి రంగు రావట్లేదు, ఎంత తిప్పినా పసుప్పచ్చగానే పడుతోంది. మా ఆవిడ చూసి "ఇంత డబ్బు పోసి ఇంత మురికిది తెచ్చావా, నిమ్మకాయతో రుద్దితే మెరుస్తుందేమో" అంది. పెట్టెకి తాళం వేశా.

అరకాసు
తాళం చెవి ఎక్కడ పెట్టావో ఇక్కడ రాయకు, ఆవిడ కూడా చదువుతుందేమో.

తులాభారం
బరువెంత?

రాగిపైస
స్లాబులో ఉంది కదండీ.

తులాభారం
పగలగొట్టి తీస్తే ఐదు నిమిషాల్లో నీటి పరీక్ష అయిపోతుంది. 8.36కి 0.49 దగ్గర రావాలి, అరుగుదలకి ఓ పిసరు తక్కువ. వందా తొంభై ఏళ్ళ కిందటి నాణేన్ని వేళ్ళతో పట్టుకోకుండా ప్లాస్టిక్కులోంచి చూడ్డం ఏం సుఖం?

గీటురాయి
పగలగొట్టొద్దు! అమ్మాల్సొస్తే మళ్ళీ గ్రేడింగుకి పంపాలి, మళ్ళీ అదే అంకె వస్తుందని పూచీ ఏమిటి?

భూతద్దం
నేను తులాభారం గారి పక్షం. నావన్నీ విప్పే ఉంచుకుంటా.

బొమ్మాబొరుసు
సొట్టతో సహా.

పాతకాపు
స్లాబు పగలగొట్టడం మీద కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడొద్దు. కిందటిసారి అది నాలుగొందల జవాబుల దాకా పోయి ఇద్దరు సభ్యులు మానేశారు.

రాగిపైస
ఇంతకీ ఆ క్వార్టర్ ఈగిళ్ళు 1839 దాకా వచ్చాయన్నారు కదా పిల్లి గారూ, వాటిలో ఏది చూడమంటారు? ఊరికే అడుగుతున్నా. కొనడానికి కాదు.